తొలి సంతానం గడప దాటే వేళ

జూన్, జూలై మాసాలు వచ్చాయంటే మన కాలనీలో రెండు రకాల ఇళ్ళు కనబడతాయి. చిన్నపిల్లలున్న ఇళ్ళలో కొత్త పుస్తకాలకు అట్టలు వేసే సందడి. పన్నెండవ తరగతి ముగించిన పిల్లలున్న ఇళ్ళలో ఒక విధమైన నిశ్శబ్దం. ఫలితాలు, ర్యాంకులు, కౌన్సెలింగు తేదీలు అన్నీ గడిచిన తరువాత, ఒకనాటి మధ్యాహ్నం ఆ ఇంటి ముందు ఆటో ఆగుతుంది. రెండు సూట్‌కేసులు, ఒక పరుపుచుట్ట, ఒక ఊరగాయ సీసా అందులోకి ఎక్కుతాయి. ఇరుగుపొరుగువారు గుమ్మాలలో నిలబడి చేతులూపుతారు. వెళ్తున్నది ఇంటిలో పెద్దబిడ్డ అయితే ఆ తల్లిదండ్రుల మనఃస్థితిని వేరుగా వర్ణించనక్కరలేదు. రెండవ బిడ్డ నాటికి కొంత అలవాటవుతుంది కాబోలు. మొదటిసారి మాత్రం అందరమూ అనుభవశూన్యులమే.

గత సంవత్సరం ఆ ఆటో మా ఇంటి ముందు ఆగింది. మా పెద్దమ్మాయి చదువు నిమిత్తం మస్తూరీ నుండి విశాఖపట్నం వెళ్ళింది. ఆ సందర్భంలో మేము చేసిన పొరపాట్లను, వాటి వలన తెలుసుకున్న విషయాలను ఈ నెల శీర్షికలో పాఠకులతో పంచుకోదలచాము. మా పొరపాట్లు మరొక కుటుంబానికి పాఠమైతే వాటికి కొంత సార్థకత లభిస్తుంది.

వచ్చిన దారి, వెళ్ళే దారి

ఈ ప్రాంతంలోని తెలుగు కుటుంబాలకు ఈ ప్రయాణంలో ఒక విశేషమున్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి నాగపూర్ – ఆసన్‌సోల్ మార్గం 1891లో బిలాస్‌పూర్ మీదుగా వచ్చింది. 1931లో రాయపూర్ – విజయనగరం మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర పల్లెలకు, ఛత్తీస్‌గఢ్‌కు మధ్య తిన్నని దారి ఏర్పడింది. రైలుతోపాటు మనుషులూ వచ్చారు. ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్‌లుగా, ఫైర్‌మన్‌లుగా వచ్చినవారు రైల్వే కాలనీలలో స్థిరపడ్డారు. వారి బిడ్డలలో కొందరు తరువాతి కాలంలో బొగ్గు గనులలోనూ, విద్యుత్ కేంద్రాలలోనూ ఉద్యోగాలు సంపాదించుకున్నారు. మా నాన్నగారు 1956లో బొబ్బిలి దగ్గరి ఒక పల్లె నుండి ఒక రేకుపెట్టెతో బిలాస్‌పూర్ లోకోషెడ్డుకు వచ్చారు. ఆ పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది.

అందువలన అమ్మాయి విశాఖ వెళ్తుందనగానే మా ఇంటిల్లిపాదీ ఒకటే మాట అనసాగాము: ‘మన ఊరికే కదా వెళ్తోంది, భయమేమున్నది?’ బంధువులకు ఫోనులో అదే చెప్పాము. సహోద్యోగులకూ అదే చెప్పాము. ఒకనాటి రాత్రి బట్టలు సర్దుకుంటూ అమ్మాయి ఇలా అన్నది:

‘నాన్నా, మీరందరూ నేను ఇంటికి తిరిగి వెళ్తున్నట్టు మాట్లాడుతున్నారు. అది మీ ఊరు. నాకు కొత్త ఊరు. నా ఇల్లు ఇదే.’

మేము వెంటనే బదులు చెప్పలేకపోయాము. ఆమె చెప్పినది అక్షరాలా నిజం. పుట్టినది ఇక్కడ, చదివినది హిందీ, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని, చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవలసిందే. స్నేహితురాళ్ళతో ఛత్తీస్‌గఢీలో గలగల మాట్లాడుతుంది. తల్లి ఆవకాయ కడుతుంటే, ‘ఠేఠరీ, ఖుర్మీ కూడా పెట్టమ్మా’ అన్నది. పొరుగింటివారు పండుగలకు పంపే ఆ పిండివంటలే ఆమెకు పుట్టింటి రుచి. తాతగారు వచ్చిన దారినే మనుమరాలు తిరిగి వెళ్తున్నదని మేము మురిసిపోతున్నాము. ఆమె మాత్రం తాతగారి వలెనే తెలియని ఊరికి బయలుదేరుతున్నది.

మన పిల్లలను ఆంధ్రకో, తెలంగాణకో పంపేటప్పుడు ఈ సంగతి మరువకూడదని మా మనవి. ‘మన ఊరే’ అని మనం అంటే, అక్కడ బిడ్డకు బెరుకు కలిగినప్పుడు చెప్పుకోవడానికి నోరు రాదు. సొంత ఊరిలో బెరుకేమిటని మనం అంటామేమోనన్న జంకు ఆమెను ఆపుతుంది.

దరఖాస్తు ఎవరిది?

మా పెద్ద పొరపాటు ఇంతకంటె ముందే జరిగింది. ప్రవేశ దరఖాస్తులన్నీ మేమే నింపాము. పిల్ల చదువుకుంటున్నది, ఈ కాగితాల గొడవ ఆమెకెందుకు అనే ప్రేమతోనే ఆ పని చేశాము. ఆంధ్రప్రదేశ్ ఇంజనీరింగు ప్రవేశానికి నింపేటప్పుడు, మా స్వగ్రామం బొబ్బిలి ప్రాంతమే గనుక ఆమె అక్కడ స్థానిక అభ్యర్థి అవుతుందని భావించాము. ఆమెకు వచ్చిన ర్యాంకుకు స్థానికులకైతే సీటు ఖాయమని అందరూ అన్నారు. ఆ ధీమాతో రాయపూర్, బిలాస్‌పూర్ సంస్థల గడువులను దాటిపోనిచ్చాము.

ధ్రువపత్రాల పరిశీలన నాడు అక్కడి అధికారి మర్యాదగానే విషయం వివరించారు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రాష్ట్రంలోని విద్యాసంస్థలలో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించబడినాయి. స్థానికతకు ప్రధానమైన ఆధారం తాతతండ్రుల గ్రామం కాదు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు సంవత్సరాల చదువు. మా అమ్మాయి తొమ్మిది నుండి పన్నెండు వరకు చదివినది ఛత్తీస్‌గఢ్‌లో. కనుక ఆమె స్థానికేతర అభ్యర్థి. ఆ కోటాలో ఆ ర్యాంకు చాలలేదు.

తిరుగు ప్రయాణంలో రాయగడ దాటేవరకు ఆమె మాట్లాడలేదు. తరువాత ఒకే ప్రశ్న అడిగింది: ‘దరఖాస్తు నాది కదా, నన్నెందుకు నింపనివ్వలేదు? నింపి ఉంటే నిబంధనలు చదివేదాన్ని.’ మాకు జవాబు లేదు. చివరకు విశాఖలోనే ఒక కళాశాలలో బి.ఎస్సీ. ప్రవేశం లభించింది. ఆ దరఖాస్తు మొదటి గడి నుండి చివరి సంతకం వరకు ఆమే నింపింది. కోరిన చదువు దక్కని లోటు పూర్తిగా తీరిందని మేము చెప్పలేము.

ఈ విషయంలో మన కుటుంబాలు తెలుసుకోదగిన అంశాలు కొన్ని ఉన్నాయి. 2014 రాష్ట్ర విభజన తరువాతి పదేళ్ళ గడువు 2024లో ముగిసినందున రెండు తెలుగు రాష్ట్రాలలోనూ నిబంధనలలో మార్పులు వచ్చాయి. అందుచేత పాత అనుభవాలను నమ్మక, ఆ సంవత్సరపు ప్రకటనను బిడ్డ చేతనే చదివించాలి. రాష్ట్రం వెలుపల ఉద్యోగం చేసేవారి పిల్లలకు మిగిలిన 15 శాతంలో అవకాశమున్నదా, దానికి ఏ ధ్రువపత్రం కావాలి అనేది అందులోనే చూసుకోవాలి. ఎన్.ఐ.టి.లలో సగం సీట్లు ఆ రాష్ట్రంలో పన్నెండవ తరగతి ఉత్తీర్ణులైనవారికి దక్కుతాయి. అనగా ఇక్కడ చదివిన మన పిల్లలు రాయపూర్‌లో స్వరాష్ట్రంవారు. వరంగల్, తాడేపల్లిగూడెం సంస్థలలో పరరాష్ట్రంవారు. మన ముంగిటనే ఉన్న గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం 1983లో ఏర్పడి, 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. అక్కడి డిగ్రీ ప్రవేశాలకు 2022లో మొదలైన సీయూఈటీ పరీక్ష రాయవలసి ఉంటుంది. దూరపు ఊరి మీద ఆశ పెట్టుకున్నప్పటికీ దగ్గరి తలుపు మూసివేయకూడదు.

చదువు కోసం ఎల్లలు దాటడం తెలుగువారికి కొత్త కాదు. 1938లో వందేమాతరం ఉద్యమం కారణంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి బహిష్కృతులైన విద్యార్థులను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకున్నది. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. నాటివారిని నిర్బంధం కదిలించింది. నేటి మన పిల్లలకు ఎంచుకునే అవకాశం ఉన్నది. ఆ ఎంపికను వారి చేతులలో పెట్టకపోతే మాత్రం అది ఉన్నా లేనట్లే.

ఇంట్లో ఉండగానే

ప్రయాణానికి ఏడు వారాల వ్యవధి మిగిలింది. అప్పుడు మేము, మా శ్రీమతి కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాము. అమ్మాయి అక్కడ ఒంటరిగా చేయవలసిన ప్రతి పనినీ ఇక్కడ మా కళ్ళ ఎదుట ఒక్కసారైనా చేయాలి. తప్పులు ఇక్కడే జరగాలి. ఇంట్లో జరిగిన తప్పుకు మూల్యం తక్కువ.

మొదటిది డబ్బు. ఒక నెల కిరాణా, కూరగాయలు, పాలు, గ్యాసు ఖర్చంతా ఆమె చేతికిచ్చాము. ఇరవయ్యవ తేదీకి చేతిలో ఏమీ మిగలలేదు. మా శ్రీమతి మరికొంత ఇవ్వబోతే మేము వారించాము. మిగిలిన పది రోజులు ఇంట్లో ఉన్న పప్పులు, పెరటి బచ్చలికూరతోనే గడిచాయి. తమ్ముడు రోజూ సణిగాడు. నెలాఖరున ఆమె స్వయంగా ఒక నోటుపుస్తకంలో లెక్కలు వేసి, ఎక్కడ జారిందో కనుక్కున్నది. ఫోనుతో చెల్లింపులు చేసే ఈ రోజులలో చేతి నుండి నోటు జారిన బాధ తెలియదు. వారానికొకసారి పద్దు రాసుకునే అలవాటు అందుకే అవసరం. ఖాతాకు సంబంధించిన రహస్య సంఖ్యలను గది స్నేహితురాలికైనా చెప్పరాదని, బ్యాంకు పేరిట ఫోను చేసి అడిగేవారిని నమ్మరాదని కూడా అప్పుడే చెప్పాము.

రెండవది ఆరోగ్యం. పిల్లలకు జ్వరం వస్తే వైద్యునితో మాట్లాడేది మనమే; వారు పక్కన కూర్చుని తల ఊపుతారు. ఆ మధ్య జలుబు చేసినప్పుడు ఆమెను డిస్పెన్సరీకి ఒంటరిగా పంపాము. ఎప్పటి నుండి, ఎంత జ్వరం, ఏ మందు వాడింది అన్నీ ఆమే చెప్పి వచ్చింది. రక్తవర్గం, పడని మందుల పేర్లు, చిన్ననాటి జబ్బులు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నది. సంస్థ ఇచ్చిన వైద్య కార్డులో పిల్లల పేరు, ఫోటో సరిగా ఉన్నాయో లేదో ప్రయాణానికి ముందే చూసుకోవడం మంచిది.

మూడవది వంట. హాస్టలులో భోజనం ఉంటుంది గదా అనవచ్చు. మెస్సు మూసిన రోజున, ఒంట్లో బాగాలేని రోజున అన్నం, చారు, పెసరపప్పు కట్టు చేసుకోగలిగితే చాలు. ఇది ఆడపిల్లలకు మాత్రమే చెప్పే మాట కాదు. వచ్చే సంవత్సరాలలో వెళ్ళబోయే మా అబ్బాయి కూడా ఆ ఏడు వారాలలోనే కుక్కరు మూత పెట్టడం నేర్చుకున్నాడు. బట్టలు ఉతుక్కోవడం, గుండీ కుట్టుకోవడం, గది ఊడ్చుకోవడం కూడా ఈ కోవలోనివే.

నాలుగవది ప్రయాణం. మొదట జైరామ్‌నగర్‌లో రైలెక్కి బిలాస్‌పూర్ వెళ్ళి రావడం, తరువాత రాయపూర్ వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావడం. రెండవసారి ఆమె తప్పు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒక బండి తప్పిపోయింది. రెండు గంటలు ఆలస్యంగా ఇల్లు చేరింది. మాకు ఆ రెండు గంటలూ యుగాలుగా గడిచాయి. ఆమె మాత్రం చిరునవ్వుతో వచ్చి, ‘ఇక తప్పదు, ప్రకటన వింటాను’ అన్నది.

అయిదవది తెలుగు చదవడం. రోజూ రాత్రి భోజనానంతరం అరగంట వార్తాపత్రిక చదివించాము. మొదట పతాక శీర్షికలు, తరువాత సినిమా పుట. బస్సు మీద ఊరి పేరు చదువుకోగలిగితే కొత్త ఊరు సగం పరిచయమైనట్లే. భాష మాట్లాడగలిగిన పిల్లకు లిపి నేర్పకపోవడం మా లోపమే. ఈ లోపం మన కాలనీలో చాలా ఇళ్ళలో ఉన్నది.

కాగితాల సంచి

పదవ, పన్నెండవ తరగతుల మార్కుల పత్రాలు, బదిలీ పత్రం, మైగ్రేషన్ సర్టిఫికెట్, ఆధార్, అవసరమైనవారికి కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఫోటోలు – వీటికి మూడేసి నకళ్ళు తీయించి ఒక సంచిలో పెట్టాము. ఒక బోర్డు లేక రాష్ట్రం నుండి మరొక చోటికి వెళ్ళేవారు మైగ్రేషన్ సర్టిఫికెట్‌ను ముందుగానే తీసుకోవాలి. చివరి వారంలో పరుగెత్తితే దొరకదు. అసలు పత్రాలను పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని, వాటిని తమ వద్ద ఉంచుకోరాదని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2018లో సంస్థలను ఆదేశించింది. అడగవలసి వస్తే వినయంగా అడగడానికి ఈ విషయం తెలిసి ఉండాలి.

ర్యాగింగు గురించి మేము భయపెట్టలేదు, దాచనూ లేదు. 2009 నాటి గ్రాంట్ల సంఘం నిబంధనల మేరకు విద్యార్థి, తల్లిదండ్రులు ఇరువురూ హామీపత్రం ఇవ్వవలసి ఉంటుంది. ఆ పత్రాన్ని సంతకం కోసమే కాక అర్థం కోసం కూడా ఆమెతో కలిసి చదివాము. ఫిర్యాదుకు దేశవ్యాప్తంగా 1800-180-5522 అనే సంఖ్య ఉన్నది. మనసు కుంగినప్పుడు తెలుగులోనూ, హిందీలోనూ మాట్లాడగలిగే ప్రభుత్వ సహాయ కేంద్రం టెలిమానస్ 2022లో ప్రారంభమైనది. దాని సంఖ్య 14416. ఈ రెండింటినీ ఆమె ఫోనులో రాయించాము. వాటితోపాటు ఒక మాట కూడా చెప్పాము: ‘ఏమి జరిగినా, ఎంత పెద్ద తప్పు చేసినా, మొదట ఇంటికి చెప్పు. కోపం వస్తే తరువాత చూసుకుందాం.’

పెద్దలు సిద్ధపడడం

బిడ్డను సిద్ధం చేయడానికి ఏడు వారాలు పట్టింది. మేము సిద్ధపడడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. మా నాన్నగారు వచ్చిన కొత్తలో ఊరికి కార్డు రాస్తే, జవాబు రావడానికి రోజులు పట్టేది. మా నాయనమ్మ ఆ ఎదురుచూపుకు అలవాటు పడింది. నేటి మన చేతిలోని ఫోను ఎదురుచూడనివ్వదు. మొదటి వారంలో మేము రోజుకు నాలుగుసార్లు ఫోను చేశాము. తిన్నావా, పడుకున్నావా, ఎవరితో ఉన్నావు అనే ప్రశ్నలు తప్ప మరొక సంభాషణ లేదు. ఎనిమిదవ రోజున ఆమె, ‘అమ్మా, రాత్రి తొమ్మిదికి నేనే చేస్తాను. అప్పుడు తీరికగా మాట్లాడుకుందాం’ అన్నది. మా శ్రీమతి ఆ పూట అన్నం సరిగా తినలేదు. కాని ఆ ఏర్పాటు తరువాతనే అమ్మాయి తనంతట తాను సంగతులు చెప్పసాగింది. తరగతిలో ఒకరు ఆమె యాసను వెక్కిరించారని, మరొక పిల్ల తన నోట్సు ఇచ్చిందని, సముద్రం ఒడ్డున కూర్చుంటే అర్పా నది గుర్తుకు వచ్చిందని అలాగే తెలిసింది.

ఇంట్లో మిగిలిన చిన్నవాణ్ణి మరువకూడదని కూడా తెలుసుకున్నాము. అక్క వెళ్ళిన తరువాత వాడు పదిహేను రోజులు ఆమె మంచం మీదనే పడుకున్నాడు. తల్లిదండ్రుల బెంగను అందరూ ఓదారుస్తారు. తోడబుట్టినవారి బెంగ ఎవరి కంటా పడదు.

ప్రయాణం నాటి సంగతి చెప్పి ముగిస్తాము. కోర్బా – విశాఖ లింక్ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం బిలాస్‌పూర్‌లో ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ చేరుస్తుంది. సుమారు 640 కిలోమీటర్ల దారి. మేము తోడుగా వెళ్దామనుకున్నాము. ఆమె తల్లిని మాత్రం తీసుకువెళ్ళి, మమ్మల్ని ప్లాట్‌ఫారం మీదనే ఉండమన్నది. తమ్ముణ్ణి ఒంటరిగా వదలవద్దని కారణం చెప్పింది. అసలు కారణం మా కళ్ళలో నీళ్ళు చూడలేకపోవడమని మాకు తెలుసు. రాత్రి బండి బొబ్బిలి మీదుగా వెళ్తుందని, అక్కడ మెలకువగా ఉండి తాతగారి ఊరి స్టేషను చూడమని చెప్పాలని నోటి చివరి దాకా వచ్చింది. చెప్పలేదు. అది మా జ్ఞాపకం. ఆమె నిద్ర పాడుచేసేంతటి పని కాదు అనిపించింది.

ఆమె దసరాకు వచ్చినప్పుడు, మేము అడగకుండానే, తిరుగు ప్రయాణపు టిక్కెట్టు కూడా తానే చేయించుకుని వచ్చింది. 2024 నవంబరు నుండి రిజర్వేషను 60 రోజుల ముందు మాత్రమే మొదలవుతుందని, ఆ రోజు గుర్తు పెట్టుకుని చేయించానని తమ్మునికి వివరిస్తుంటే విన్నాము. మాకు ఆ క్షణంలో కలిగిన ధైర్యం ఏ ర్యాంకు చూసినప్పుడూ కలగలేదు.

పదవ తరగతి ముగిసిన పిల్లలున్న తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. మావలె చివరి ఏడు వారాల దాకా ఆగకండి. ఈ నెల నుండే ఇంటి పనిలో, ఖర్చులో, నిర్ణయంలో ఒక్కొక్కటి వారి చేతికి అప్పగించండి. దరఖాస్తు ఫారం వారి చేతనే నింపించండి. మీరు పక్కన కూర్చుని చదవండి. ఈ సంవత్సరం గడప దాటుతున్న మన కాలనీ పిల్లలందరికీ శుభాశీస్సులు. పాఠకులు తమ అనుభవాలను మాకు వ్రాసి పంపితే, రాబోయే సంచికలలో వాటిని సంతోషంగా ప్రస్తావిస్తాము.